పెద్ద సిస్టర్ కళ్లు మూసుకున్న పది నిమిషాలు

మా హెడ్ నర్సు పెద్ద సిస్టర్ పోయారని నెల్లూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆమె వార్డులోనే సెలైన్ మారుస్తున్నాను. పని వదిలి ఏడవడానికి కూడా వీల్లేదు. నా బదులు చూసే మనిషి లేదు.

గూడూరులోని మా ఆస్పత్రికి ఆమె రోజూ వాకాడు నుంచి బస్సులో వచ్చేవారు. రాగానే రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరచుకునేవారు. "చల్లటి చెయ్యి తగిలితే ముసలోళ్లు ఉలిక్కిపడతారు మే" అనేవారు. నాకు సూది వేయడం సరిగా రాని తొలిరోజుల్లో తిట్టలేదు. తన చెయ్యి చాపి "ముందు నాకు గుచ్చు" అన్నారు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆమె పెట్టిన భిక్షే.

కిందటేడు ఇద్దరు నర్సులు మానేశారు. వాళ్ల స్థానంలో ఎవరినీ పెట్టలేదు. ముగ్గురి పని ఒక్కరి నెత్తిన పడి మేం చిర్రుబుర్రులాడుతుంటే, మాకు ఒత్తిడి ఎక్కువైందని యాజమాన్యం వాళ్లు కనిపెట్టి మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ పెట్టించారు! గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని ఊపిరిని గమనించాలట. నాకు ఒళ్లు మండింది. పెద్ద సిస్టర్ మాత్రం నేర్పడానికి వచ్చినామెను నెమ్మదిగా అడిగారు. "మేం కళ్లు మూసుకుంటే వార్డును ఎవురు చూస్తారమ్మా?"

అయినా ఆ శిక్షణను శ్రద్ధగా నేర్చుకున్నది మాలో ఆమె ఒక్కరే. "వాళ్ల మీద కోపం ఊపిరి మీద చూపిస్తే ఎట్టమ్మే? అదేం పాపం చేసింది?" అన్నారు. రోజూ మధ్యాహ్నం మందులిచ్చాక స్టూలు మీద పది నిమిషాలు కూర్చునేవారు.

ఆ రోజూ అలాగే కూర్చున్నారు. గుండె మీద చెయ్యి, మూసిన కళ్లు. ఆయా పిలవబోతే నేనే ఆపాను. "లేపబాకక్కా, పది నిమిషాలన్నా కూర్చోనీ పాపం."

మేం నర్సులం. గుండెపోటు ఎలా వస్తుందో ఊరందరికీ చెప్పేవాళ్లం. ఆమె గోడకు ఒరిగిపోయేదాకా దగ్గరికి వెళ్లలేదు. నెల్లూరు తీసుకెళ్లారు, మర్నాడే పోయారు.

సంతాప సభలో యాజమాన్యం తరఫున వచ్చిన ఒక పెద్దాయన, శిక్షణలో ఆమె చూపిన శ్రద్ధ అందరికీ ఆదర్శం అన్నాడు. నేను లేచి వచ్చేశాను. నా మీద నాకు కోపం. వాళ్ల మీద ఇంకా కోపం. అది తగ్గాలని కూడా నాకు లేదు.

నిన్న మళ్లీ శిక్షణ. అందరూ కళ్లు మూసుకున్నారు.

"మీరూ మూసుకోండి సిస్టర్" అంది నేర్పడానికి వచ్చినామె.

మూసుకోలేదు. గుండెల మీద చేతులు పెట్టుకున్న పద్నాలుగు మందినీ ఒక్కొక్కరిగా చూస్తూ కూర్చున్నాను, ఎవరి నుదుట చెమట పట్టిందో, ఎవరి పెదవులు నీలం తిరిగాయో.