ఓడితే ఏం జేస్తరు?

పక్కింటి చిన్నమ్మకు చదువు రాదని లోలోపల చిన్నచూపు చూశానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కూతురిని కబడ్డీ శిక్షణలో చేర్చడానికి ఆమె రఘునాథపల్లి నుంచి జనగామకు నన్నూ తీసుకెళ్లింది. మొదటి మైదానంలో, వాళ్లు గెలిచారని గోడ మీద రాసిన కప్పుల జాబితా చదివి వినిపించాను. ఆమె వినలేదు.

"సారూ, నా బిడ్డ ఓడితే ఏం జేస్తరు?"

"తోలు తీస్తనక్కా!" అని అక్కడి కోచ్ నవ్వాడు. చిన్నమ్మ కూతురి చేయి పట్టుకుని బయటికి వచ్చేసింది.

రెండోచోటా అదే ప్రశ్న. అక్కడ ఆట నేర్పే మేడం చెప్పింది: "పక్కన కూసుంట. ఆటల ఏడ దొరికిపోయిందో ఇద్దరం మాట్లాడుకుంటం."

చిన్నమ్మ చేయి వదిలేసింది. పిల్ల కోర్టులోకి ఉరికింది. ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో అనుకుంటూ ఆమెనే చూస్తూ నిలబడ్డాను.

"గట్ల సూస్తవేంది బిడ్డా? జల్ది ఫారం నింపు. గిక్కడైతే ఓడినా నవ్వుకుంట ఇంటికొస్తది."