మగవాళ్లందరినీ అమ్మా అన్న శేషప్ప

శేషప్ప మగవాళ్లను అమ్మా అనేవాడు, ఆడవాళ్లను అప్పా అనేవాడు. కొన్నేళ్ల కింద ఉన్నట్టుండి మొదలైన ఈ అలవాటుకు మించి ఆయనలో ఏ వంకా లేదు. కాకపోతే రాయకోట పక్కన మా ఊళ్లో సగం పేర్లు అప్పతో, సగం పేర్లు అమ్మతో ముగుస్తాయి కాబట్టి ఆ ఒక్క వంకే ఊరందరికీ సరిపోయింది. వెంకటరామప్ప వెంకటరామమ్మ అయ్యాడు. కట్టుకున్న పెళ్లాం పిల్లమ్మ పిల్లప్ప అయింది.

దీని కోసమే ఊరు ఆయనకు దేవర పండగలో మొదటి తాంబూలం తీసేసింది. గొర్రెల కాపరుల్లో ఆ తాంబూలం వాళ్ల తాత కాలం నుంచీ ఆ ఇంటిది. ఊరి పెద్ద వెంకటరామప్పను పదిమందిలో అమ్మా అన్నాడన్నది నేరం. తీర్పు చెప్పిందీ వెంకటరామప్పే.

"నీకు మతి చెడిందప్పా. ఈ ఏటి నించి నీకు తాంబూలం లేదు."

"సరేమ్మా," అన్నాడు శేషప్ప. తువ్వాలు దులుపుకుని పోయి వెనక వరసలో కూర్చున్నాడు.

అది అన్యాయమని నేను ఆ రోజే అన్నాను. ఆయన మాత్రం మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే మందను తోలుకుపోయాడు.

ఇంట్లో రోజూ ఇదే రగడ.

"పిల్లప్పా, సంగటి పెట్టప్పా."

"పెండ్లాన్ని అప్పా అనేటోనికి సంగటి యాడిది?"

"కోపం చేసుకోవద్దప్పా."

పిల్లమ్మ పళ్లెం ఠంగున దించి వీధిలోకి వచ్చేసేది. "ఆ దినం తాళి కట్టింది ఆయనో నేనో, ఈ మధ్య నాకే అనుమానంగా ఉందమ్మా," అనేది ఎదురింట్లో ఉండే నాతో.

మా జిల్లా పోచంపల్లి సంతలో ఇంకా కష్టం. కొమ్ములు రెండు చుట్లు తిరిగిన పొట్టేలును ముందుకు తోసి, బుర్రమీసాల బేరగాడితో "ఈయమ్మను కొనమ్మా, మందకు రాజు," అన్నాడొకసారి. బేరగాడు పొట్టేలు కొమ్ములు చూశాడు, తన మీసం తడుముకున్నాడు, పక్క మంద దగ్గరికి నడిచాడు.

చివరికి కూతురు సుధామణి ఆయనను హోసూరుకు తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించింది. ఆమె ఆయన కళ్లలోకి లైటు వేసి చూసింది, నెల పేరు అడిగింది, వేళ్లు లెక్కపెట్టమంది. అన్నీ సరిగ్గా చెప్పి, లేచి, "పోయొస్తానప్పా," అన్నాడు. డాక్టరమ్మ చీటీ మీద 'వయసు' అని ఒక్క ముక్క రాసి పంపేసింది.

ఇక మంజు సంగతి. మంజు సుధామణి బిడ్డ. తల్లీబిడ్డలు ఉండేది శేషప్ప ఇంట్లోనే. పుట్టినప్పుడు మంత్రసాని చూసి చెప్పింది చెప్పినట్టు సర్టిఫికెట్టులో 'మగ' అని రాశారు. మంజు ఆడపిల్ల. ఆ సంగతి ఆమెకు చిన్నప్పుడే తెలుసు. మనకే ఆలస్యంగా తెలిసింది. ఆపరేషన్ అయింది. 'స్త్రీ' అని కలెక్టరు సర్టిఫికెట్టూ వచ్చింది. పేరు మార్చుకునే పని తప్పింది, మా వైపు మంజు అన్న పేరు ఆడామగా ఎవరికైనా పెడతారు. "నా పేరు ఒక్కటే మొదటి నించి నా పక్క ఉండేది," అని నవ్వేది.

మిగిలింది పుట్టిన సర్టిఫికెట్టు. హోసూరులో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఆడపిల్లల హాస్టల్లో మంచం కూడా ఇస్తామన్నారు. కానీ పుట్టిన సర్టిఫికెట్టులో 'మగ' అని ఉంటే హాస్టల్ తలుపు తీయరు. నెలాఖరులోగా చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

సుధామణికీ మంజుకూ తోడుగా నేనూ వెళ్లాను. ఏ ఆఫీసుకో చెప్పను. మీరు చూసినవాటిలో ఒకటి అనుకోండి. ధనశేఖర్ అనే గుమాస్తా కాగితాలన్నీ తిరగేశాడు.

"అన్నీ సరిగ్గానే ఉండాయి. అయినా ఇంటి పెద్ద ఎవరన్నా వచ్చి చెప్పాల."

"ఏ రూల్లో ఉంది?" అని అడిగాను.

"రూల్లో లేదు మేడం. నా మనసుకు నిమ్మళంగా ఉంటుందని."

ఆ ఇంటికి పెద్ద శేషప్ప. సుధామణి బస్సులో దారి పొడుగునా తండ్రికి పాఠం చెబుతూనే ఉంది.

"నాయనా, ఆడ నోరు తెరవద్దు. ఊరికే తల ఊపు. ఆ సార్‌ను అమ్మా అన్నావంటే నా బిడ్డ బతుకు పోతుంది."

"సరేప్పా," అన్నాడు శేషప్ప కూతురితో.

పట్టా పని మీద వచ్చిన వెంకటరామప్ప అప్పటికే ఆ ఆఫీసు బెంచీ మీద ఉన్నాడు. మమ్మల్ని చూడగానే వినోదం కోసం కాస్త ముందుకు జరిగాడు.

ధనశేఖర్ అడిగాడు: "పెద్దాయనా, మీరు ఈ బిడ్డను ఏమని పిలుస్తారు?"

అది తల ఊపితే సరిపోయే ప్రశ్న కాదు.

"అమ్మా అని," అన్నాడు శేషప్ప.

వెంకటరామప్ప బెంచీ మీద నుంచే నవ్వాడు. "ఆయన నన్నూ అమ్మా అనే అంటాడు సార్. ఊళ్లో మగోళ్లనంతా అమ్మా అంటాడు."

ధనశేఖర్ పెన్ను ఆగిపోయింది. "అట్లయితే మీ లెక్కలో అమ్మా అంటే మగ అనే కదా?"

మంజు తల దించుకుంది. సుధామణి కొంగుతో నోరు మూసుకుంది. చట్టంలో లేని ప్రశ్నకు వచ్చిన జవాబుతో, చట్టం ఇచ్చిన కాగితాలన్నీ నా కళ్లముందే చెల్లకుండా పోతున్నాయి.

శేషప్ప బెంచీ వైపు తిరిగాడు.

"వెంకటరామప్పా, రవ్వంతసేపు ఊరకుండప్పా."

వెంకటరామప్ప ఎవరినో పిలిచాడనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"వినప్పా ధనశేఖరప్పా. నాకు మతి చెడలేదు. ఈ బిడ్డ చిన్నప్పుడు గొర్లకాడికి వచ్చి, తాతా, నన్ను అప్పా అనొద్దు, అమ్మా అను, అనింది. అట్లనే అన్నాను. వీధిలో పిల్లోళ్లు విని నగినారు, రాళ్లేసినారు. ఒక్క గొర్రెకు రంగు పూస్తే ఊరి కండ్లన్నీ దాని మీదనే కదప్పా. అందుకని మందకంతా పూసేసినాను."

"అందరికీనా?" అన్నాడు ధనశేఖర్.

"పొట్టేలుకు కూడా."

వెంకటరామప్ప గొంతు సవరించుకున్నాడు. "తాంబూలం పోయిన దినమన్నా చెప్పుండొచ్చు కదప్పా?"

"చెప్తే రంగు నేనే కడిగినట్ల కాదా?"

మంజు తాత చెయ్యి పట్టుకుంది. "నాకన్నా చెప్పకూడదా తాతా? నేనూ నీకు మతి పోయిందనే అనుకున్నానే."

"నీకు చెప్తే నగుతావమ్మా. నువ్వు నగితే ఇద్దరం దొరికిపోతాం."

ధనశేఖర్ ఫైలు తీసుకుని సంతకం కోసం తనే ఆఫీసరు గదిలోకి నడిచాడు.

కొత్త సర్టిఫికెట్టు వచ్చింది. మంజు ఇప్పుడు హోసూరు హాస్టల్లో ఉంది. అక్కడి సాంబారును తిట్టడానికి రోజూ ఫోన్ చేస్తుంది. శేషప్ప అందరినీ సరిగ్గా పిలుస్తున్నాడు. మొదటిసారి "పిల్లమ్మా, సంగటి పెట్టమ్మా," అన్నప్పుడు పిల్లమ్మ పొయ్యి వైపు తిరిగిపోయి, "ఇంకొకసారి అను, సరిగ్గా వినబళ్లేదు," అందట. తాంబూలం మాత్రం ఊరు ఇంకా తిరిగి ఇవ్వలేదు. అడుగుతూనే ఉన్నాను.

నవ్వుకున్నారు కదా, సంతోషం. ఇప్పుడొక పని చేయండి. సర్టిఫికెట్టులో ఈ ఒక్క ముక్క మార్పించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే పిల్లలు మీ ఊళ్లోనూ ఉంటారు. వాళ్లలో చాలామందికి ఇంటి పెద్దలు ఏనాడో తలుపులు వేసేశారు. మీరు కుర్చీలో ఉన్నవాళ్లయితే, చట్టం అడగని సాక్షిని మీరు అడగకండి. కుర్చీ లేనివాళ్లయితే, ఒక పూట పని మానుకుని వాళ్లతో బస్సెక్కండి, ఆ బెంచీ మీద పక్కన కూర్చోండి. "ఈమెకు మీరేమవుతారు?" అని ఎవరైనా అడిగితే ఏదో ఒక వరస కలిపి చెప్పండి. మన వైపు వరసలకేం కరువు?