ముందు ఊపిరి ఇవ్వమన్న నర్సమ్మ గారు

మా ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన నర్సమ్మ గారు పోయిన మంగళవారం భీమవరం ఆసుపత్రిలో కన్నుమూశారు. కిడ్నీలు పాడై ఏడాదిగా బాధపడుతున్నారు. నేను స్కూల్లో పాఠం చెబుతుండగా ఆ కబురు ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. సాయంత్రానికి ఊరి నడిమి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆవిడ ఫొటో కన్నా నివాళులర్పించే పెద్దల ఫొటోలే పెద్దవి. వాళ్ళలో మా మామగారూ ఉన్నారు. ‘పసిపిల్లల ప్రాణదాత’ అని రాయించారు. బతికున్నప్పుడు ఆవిడ అడిగిన ఒక్క పనీ చెయ్యని వాళ్ళకి ఆ మాట రాయించడానికి మనసెలా ఒప్పిందో నాకు తెలియదు. ఇది కోపంతోనే రాస్తున్నాను.

మా ఊళ్ళో వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి. పెరళ్ళ దాకా నీళ్ళే. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం నేను బట్టలు ఆరేస్తుండగా మూడేళ్ళ మా అమ్మాయి పెరటి వెనక చేపల చెరువులో పడింది. పైకి తీసేసరికి పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి లేదు. మా మరిది దాన్ని తలకిందులుగా భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు కక్కించాలని మా ఊళ్ళో అందరూ చేసేది అదే. పక్క వీధిలో పోలియో చుక్కలు వేస్తున్న నర్సమ్మ గారు కేకలు విని పరిగెత్తుకొచ్చారు.

“దించండి. కింద పడుకోబెట్టండి ముందు.”

“నీళ్ళు రావాలి కదండీ,” అన్నాడు మరిది.

“నీళ్ళ సంగతి తర్వాత. దానికి గాలి లేదు.”

అతను దించలేదు. ఆవిడే లాక్కున్నారు. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదారు. ఛాతీ లేచింది. అలా ఐదుసార్లు ఊది, ఛాతీ మధ్యలో అరచెయ్యి ఆనించి గట్టిగా, త్వరత్వరగా నొక్కుతూ పైకే లెక్కపెట్టారు. ముప్పై నొక్కులు, రెండు ఊపిరులు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని ఆ లెక్క మధ్యలోనే మా ఆయనకి చెప్పారు. మూడో విడతకో నాలుగో విడతకో పిల్ల దగ్గింది. కక్కింది. ఏడ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. ఇప్పుడు నాలుగో తరగతి చదువుతోంది.

దండం పెట్టడానికి వెళితే ఆవిడ పెట్టనివ్వలేదు. “అవన్నీ వద్దు టీచరు గారూ. మీ స్కూల్లో నెలకో గంట ఇప్పించండి, తల్లులకి ఇది నేర్పుతాను.”

పాత చీరతో తనే కుట్టిన బొమ్మ తెచ్చేవారు. దాన్ని ‘అది’ అంటే ఒప్పుకునేవారు కాదు, ‘పాపాయి’ అనాలి. ఏడాది లోపు బిడ్డయితే నోరూ ముక్కూ కలిపి మన నోటితో మూసి, బుగ్గల్లో పట్టినంత గాలే ఊదాలని, రెండు వేళ్ళతో నొక్కాలని తల్లులందరి చేతా చేయించేవారు. ఎవరైనా మెత్తగా నొక్కితే, “చపాతీ పిండి కలుపుతున్నావా అమ్మా? నొక్కు,” అనేవారు. నేను అన్నీ నేర్చుకున్నాను. బాగా చేస్తానని మెచ్చుకున్నారు కూడా.

మూడేళ్ళ కిందట మా రొయ్యల చెరువులో కాపలా వాళ్ళ బాబు పడ్డాడు. రెండేళ్ళవాడు. శ్రీకాకుళం వైపు నుంచి పనికొచ్చిన వాళ్ళు, గట్టు మీదే పాకలో ఉండేవారు. నర్సమ్మ గారు ఆ రోజు మండలం మీటింగులో ఉన్నారు. నేను వెళ్ళేసరికి మగవాళ్ళు బాబుని భుజాన వేసుకుని తిప్పుతున్నారు.

“కింద పడుకోబెట్టండి, నాకు వచ్చు,” అన్నాను.

“నువ్వూరుకోమ్మా,” అన్నారు మా మామగారు. “నువ్వేమన్నా డాక్టరువా? ఏదన్నా అయితే మన మీదకొస్తది.”

నేను ఊరుకున్నాను. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. బాబుని కారులో భీమవరం తీసుకెళ్ళారు. దారి పొడుగునా ఒక్కరూ ఒక్క ఊపిరి ఇవ్వలేదు. ఆసుపత్రి గుమ్మంలోనే పోయాడని చెప్పారు.

సాయంత్రం నర్సమ్మ గారు మా ఇంటికొచ్చారు. కూర్చోలేదు.

“మీరు అక్కడున్నారా?”

“ఉన్నానండి.”

“చెయ్యి వేశారా?”

నేను మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాను.

“మీ పిల్ల పడ్డప్పుడు నేను ఎవర్ని అడిగానండీ?” అని వెళ్ళిపోయారు. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు.

ఆ నెల గ్రామసభలో లేచి నిలబడ్డారు. “పీతలు రాకుండా చెరువుల చుట్టూ వల కట్టారు. కొంగలు దిగకుండా పైన దారాలు కట్టారు. పిల్లలు పడకుండా ఏం కట్టారండీ?”

ఎవరో నవ్వారు. మా మామగారు లేచి, “పీతకి మోకాలెత్తు వల చాలండి. మనిషెత్తు కంచె ఎక్కడ కడతాం? ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకోవాలి,” అన్నారు.

“ఆ టైములో తల్లి మీ రొయ్యలకి మేత వేస్తుందండీ,” అన్నారు నర్సమ్మ గారు.

దానికి జవాబు పై ఆఫీసు నుంచి మెమో రూపంలో వచ్చింది. టీకాల పని చూసుకోమని, ఊళ్ళో గొడవలు పెట్టొద్దని. ఆవిడ దాన్ని మడిచి బొమ్మ సంచిలో పడేసి, మరుసటి నెల మామూలుగానే స్కూలుకొచ్చారు. రిటైరయ్యాకా వచ్చారు.

ఇంట్లో నేను నెలల తరబడి పోట్లాడాక మా రెండు చెరువులకీ ఛాతీ ఎత్తు కంచె, గేటు పెట్టించారు మా ఆయన. మామగారు నాతో మాట మానేశారు. మిగతా చెరువులు అలాగే ఉన్నాయి.

ఆఖరుసారి ఆసుపత్రిలో చూడబోయినప్పుడు ఆవిడ అడిగారు, “ఊళ్ళో నేర్చుకున్నోళ్ళు ఎంతమంది ఉంటారమ్మా?”

“నలభై మంది దాకా ఉంటారండి.”

“అందులో ఊరుకోమంటే ఊరుకోనోళ్ళు?”

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. నా మీద ఆవిడకి కోపం పోయిందో లేదో నాకు తెలియదు. పోకపోయినా న్యాయమే.

బుధవారం ఆవిణ్ణి సాగనంపి గట్టు దారిన ఇంటికొస్తున్నాను. ఎవరిదో చెరువు అంచున ఏడాదిన్నర పాప ఒక్కతే కూర్చుని నీళ్ళలోకి మట్టిబెడ్డలు వేస్తోంది. స్నానం చెయ్యకుండా ఎవర్నీ తాకకూడదంటారు. నేను ఎత్తుకున్నాను. అవతలి గట్టు నుంచి తల్లి మేత బస్తా దించి పరిగెత్తుకొచ్చింది.

“ఏంటండీ, ఏమైందండీ?”

“ఏం కాలేదమ్మా. పని కానియ్యి. నేనుంటాను.”

రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళని తెల్లగా చిమ్ముతున్నాయి. పాప కాసేపు వాటికేసి చూసి నా భుజం మీద తల వాల్చింది. దాని ఊపిరి వెచ్చగా నా మెడకి తగులుతోంది.