నా ఇంటిపేరు పెట్టిన మొక్క

ఊళ్ళో పాత న్యూస్‌పేపరు దొరకడం లేదు. చిన్న బాధే, ఒప్పుకుంటాను. కిరాణా కొట్టువాడికి వచ్చే బాధలన్నీ ఈ సైజులోనే ఉంటాయి. ప్లాస్టిక్ కవర్లు వాడొద్దన్నారు, మంచిదే. పేపరులో పొట్లం కడదామంటే పేపరు కొనేవాడు లేడు. జనం వార్తలన్నీ ఫోనులో చదువుతున్నారు. ఫోనులో మిరియాలు పొట్లం కట్టివ్వడం కుదరదు. మా అరకులో ఇప్పుడు వెదురు బొంగులో కోడి దొరుకుతుంది, అద్దాల గోడల కాఫీ హోటలు దొరుకుతుంది, గుర్రమెక్కి ఫొటో దిగే సదుపాయం కూడా దొరుకుతుంది. కేజీ పాత పేపర్లు మాత్రం దొరకవు. ఈ విషయం మీద నాలుగు రోజులు ఇంట్లో ఉపన్యాసాలిచ్చాక, ఐదో రోజు మా ఆవిడ విసుగెత్తి, "అటకమీద మీ పూలదొర కట్ట ఉందిగా, అది దించుకోండి" అంది. ఆ కట్ట ఇరవై ఏళ్ళుగా అక్కడుందని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసని తెలీదు.

నిచ్చెన వేసుకుని దించాను. నవారుతో కట్టిన కట్ట. పై పేపరు మీద ఎప్పుడో ఓడిపోయిన ఎవరిదో ఎన్నికల వాగ్దానం. మధ్యలో మడిచిన అడ్డాకు, విస్తర్లు కుట్టుకునేది, ఆ అడ్డాకులో ఇంకో ఆకు. అరచెయ్యంత ఉంటుంది, గుండ్రం, నున్నటి వొళ్ళు, విసనకర్రలా మడతలు. పచ్చదనం పోయి టీ డికాక్షను రంగుకు తిరిగింది. నిచ్చెన మూడో మెట్టు మీదే కూర్చుండిపోయాను. పొట్లాలు కట్టుకోవడానికి పనికొస్తుందనుకున్న కట్ట నన్నే పొట్లం కట్టింది.

పూలదొర అంటే హంగేరీ నుంచి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు. అసలు పేరుకు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. అడవి ఆర్కిడ్లను వెతికి, ఏది ఏ జాతిదో తేల్చి, పేరు లేనివాటికి పేరు పెట్టడం ఆయన పని. చెట్ల కొమ్మలు పట్టుకుని పెరిగే వాటిని మా వైపు బదనికలంటారు. నేలలో దుంప పెట్టుకుని మొలిచేవీ ఉన్నాయి. పట్నంలోని ఒక కాలేజీ ద్వారా అనుమతి కాగితాలన్నీ తెచ్చుకుని వచ్చాడు. కొండల్లో తిప్పడానికీ, మాట అటూ ఇటూ చేరవేయడానికీ ఒక మనిషి కావాలన్నాడు. నేను దొరికాను. బి.ఎస్సీ. బోటనీ చదివి, వచ్చి నాన్న కొట్లో కూర్చున్నవాణ్ణి. నా డిగ్రీ పట్టా బెల్లం డబ్బా పైన వేలాడేది. ఈగలు దాన్ని క్షుణ్ణంగా చదివాయి. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అరువువే కాబట్టి ఎక్కడా పేచీ రాలేదు. జేబులో చిన్న రేకు డబ్బాలో వాళ్ళ ఊరి ఎండుమిరప పొడి ఉండేది. మా అన్నం మీద చల్లుకుని, మా కారం రుచి చూసి, దగ్గి, "మాది తియ్యగా ఉంటుంది" అని మర్యాదగా చెప్పేవాడు. భూతద్దం లేకుండా ఏ పువ్వునీ పలకరించేవాడు కాదు. పూరేకు పొడవు మూడుసార్లు కొలిచేవాడు. "కొత్తదా?" అని నేను ఉత్సాహపడితే, "కావచ్చు, కాకపోవచ్చు" అనేవాడు. అంత జాగ్రత్తపరుణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. ఆయన చేసిన ఒకే ఒక అజాగ్రత్త నన్ను నమ్మడం.

దారి చూపించేవాడు మా మావ. రక్తసంబంధం ఏమీ లేదు. మా కొట్టుకు వచ్చే కొండ మనుషులందరితోనూ మాకు వరసలుండేవి, బేరం దగ్గర తప్ప. ఆయనకు నేను అల్లుణ్ణి. మూడు గంటలు ఎక్కితే వాళ్ళ ఊరు, ఊరి పైన ఏటవాలులో ఆయన పోడు. చోళ్ళు, సామలు, అంచుల్లో పసుపు, అప్పుడే కొత్తగా నాటిన కాఫీ మొక్కలు నాలుగు. ఆ వాలులో ఏ రాయి కింద ఏ దుంప నిద్రపోతుందో ఆయనకు తెలుసు. నేను మూడేళ్ళు చదివి మర్చిపోయింది ఆయన చదవకుండా గుర్తుపెట్టుకున్నాడు.

ఆ వాలులోనే కనిపించింది ఒంటాకు. దాని తీరే వేరు. తొలకరి చినుకు పడగానే నేలలోంచి వట్టి కాడ మీద పువ్వు వస్తుంది. పువ్వు వాడి, కాడ కుళ్ళి, మట్టిలో కలిశాక, నెలకో నెలన్నరకో అదే చోట ఒకే ఒక్క ఆకు లేస్తుంది. పువ్వున్నప్పుడు ఆకుండదు, ఆకొచ్చేసరికి పువ్వుండదు. రెండూ ఒకే మొక్కవని చెప్పాలంటే చోటు గుర్తుండాలి. అందుకని పూలదొర పువ్వును కోసి, ఆ చోట సున్నం పూసిన వెదురు పుల్ల పాతి, దాని మీద నంబరు రాశాడు. అలా పదకొండు పుల్లలు. మావ వాటిని చూసి, "ఏటల్లుడా, పువ్వులకి గోరీలు కడతన్నాడా దొర?" అన్నాడు. నవ్వాడు గాని, ఆ ఏడు చోళ్ళు జల్లేటప్పుడు పుల్లలున్న పట్టీనంతా నాగలి పెట్టకుండా ఒగ్గేశాడు. ఆ పట్టీ పండి ఉంటే నెల తిండి. దొర అడగలేదు. నేనూ అడగలేదు.

పూలదొర పువ్వులతో పట్నం దిగిపోయాడు, ఆకు రాగానే కోసి, పేపర్ల మధ్య ఆరబెట్టి, కిరండోల్ పాసింజరులో పంపమని నాకు చెప్పి. ఆకు వచ్చిందని మావ కబురు పెట్టాడు. వాన. జలగలు. పైగా ఆ ఆదివారం క్రికెట్ మ్యాచ్. ఈ మూడింటిలో ఏది అసలు కారణమో ఇప్పుడు తేల్చడం కష్టం. మ్యాచ్ మనవాళ్ళు ఓడిపోయారని మాత్రం గుర్తు. రైల్వే స్టేషను వెనక గట్టు మీద అలాంటి ఒంటాకులే మొలిచి ఉన్నాయి. ఆకు ఆకే కదా అనుకుని గొడుగు వేసుకుని వెళ్ళి రెండు కోసుకొచ్చాను. అడుగున వంకాయ రంగు, పైన సన్నటి నూగు. చూడ్డానికి అందంగానే ఉన్నాయి.

సంతరోజు మావ కొట్టుకు వచ్చాడు. బల్ల మీద పేపర్లలో ఆరుతున్న ఆకును చూసి, "ఇది దాని ఆకు కాదల్లుడా. ఇది టేసను కాడది" అన్నాడు.

"రెండూ ఒకటేలే మావా."

"ఒకటెలాగవుద్ది? మేకని సూపించి గొర్రంటే సెల్లుద్దా?"

పుస్తకం చదివింది నేను కదా అన్నట్టు నవ్వాను. నేను మర్నాడు పొద్దున్నే ఆకును రైలెక్కించాను. ఆ మధ్యాహ్నం మావ మళ్ళీ దిగొచ్చాడు, నిలువునా తడిసి, పిక్కల మీద జలగలు కొరికిన చోట నెత్తురు కారుతూ. అడ్డాకులో చుట్టి తెచ్చిన ఆకును బల్ల మీద పెట్టాడు. "నాలుగో నంబరు పుల్ల కాడది. బేగి పంపించెయ్." నేను దాన్ని పేపర్ల మధ్య పెట్టాను. రేపు పంపుదామనుకున్నాను. ఇరవై ఏళ్ళు గడిచినా అది రేపే.

రెండు వారాలకు పూలదొర తనే వచ్చాడు. వాన వెలిసిన మధ్యాహ్నం కొట్టు ముందు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. పువ్వు తెలిసిన జాతిదేనట, ఈ దేశంలోనే ఇంకా చాలాచోట్ల ఉన్నదేనట. కానీ ఆ పువ్వుకు ఈ ఊదా ఆకు ఉండడం ఎక్కడా లేదట. "పుల్ల పక్కనుంచే తీశావు కదా?" అని అడిగాడు. ఒక్కసారే అడిగాడు. "పక్కనుంచే" అన్నాను. అప్పుడాయన లేచి, నా చెయ్యి పట్టుకుని, ఇది లోకానికి కొత్త మొక్క అనీ, దీనికి నా ఇంటిపేరు పెట్టబోతున్నాననీ చెప్పాడు. ఇంటిపేరుకు చివర చిన్న తోక తగిలిస్తే చాలు, లాటిన్ అయిపోతుంది.

"ఏటంటన్నాడు?" అన్నాడు మావ.

"మొక్కకి నా పేరు పెడతాడంట."

"మంచిదే. మరి ఆ ఆకు టేసను కాడదని సెప్పినావా?"

పూలదొర కుతూహలంగా మా ఇద్దరినీ చూసి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు.

"చాలా సంతోషంగా ఉందంటున్నాడు" అన్నాను.

పూలదొర మావ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. మావ నా మొహంలోకి చూస్తూ ఊపించుకున్నాడు.

అలా నా బద్ధకానికి లాటిన్‌లో నామకరణం జరిగింది. పూలదొర పరిశోధన వ్యాసం అచ్చయింది. ఆ పేజీని ఫ్రేము కట్టించి, డిగ్రీ పట్టా తీసేసి, బెల్లం డబ్బా పైన తగిలించాను. హైస్కూలు వాళ్ళు పిలిచి శాలువా కప్పారు. నేను ప్రకృతి గురించి మాట్లాడాను. తర్వాత ప్రతి వానాకాలం ఎవరో కుర్రకారు భూతద్దాలతో వచ్చి మావ వాలంతా వెతికేవారు. నున్నటి ఆకులు బోలెడు కనిపించేవి, ఊదా ఆకు మాత్రం ఎంతకీ దొరికేది కాదు. లేదని ఎవరూ రాయలేదు. బహు అరుదైనది అని రాశారు. మరుసటి ఏడు ఇంకా అరుదైంది. కనపడని కొద్దీ దాని విలువ పెరిగింది. మనుషుల విషయంలో ఇలా జరగగా చూళ్ళేదు. చివరికి వాలు మొదట్లో బోర్డు వెలిసింది: మొక్క బొమ్మ, ప్రపంచంలో ఇక్కడ మాత్రమే ఉన్నదన్న మాట, కింద తోకతో సహా నా ఇంటిపేరు.

పోడు భూములకు పట్టాలిచ్చే రోజులొచ్చాయి. ఊళ్ళో తక్కినవాళ్ళకు వచ్చాయి. మావ చేతిలో కాగితం పట్టుకుని కొట్టుకు వచ్చి, చదివి పెట్టమన్నాడు. చదివాను. సదరు వాలులో అరుదైన మొక్క ఉన్నందున దరఖాస్తు నిలిపివేయడమైనది.

"ఏ మొక్కంట?"

"ఒంటాకు మావా."

"నీ పేరుదా?"

"అవును."

ఆయన బెల్లం డబ్బా పైనున్న ఫ్రేమును కాసేపు చూశాడు. చదవడం రాదు గాని, చదివినంతసేపూ చూశాడు. తర్వాత అరకేజీ ఉప్పు కట్టించుకుని వెళ్ళిపోయాడు. పొట్లం కట్టడానికి అప్పుడు పేపర్లు బాగానే ఉండేవి.

ఒక ఉత్తరం ముక్క రాసి, అటకమీది ఆకును జతచేసి పంపితే సరిపోయేది. పూలదొర నిజాయితీపరుడు, పొరపాటైందని తనే అచ్చువేయించేవాడు. రాద్దామనే అనుకున్నాను. ముందు పిల్లవాడి స్కూలు అడ్మిషను అయ్యాక అనుకున్నాను. తర్వాత పూలదొర పెద్దవాడు, పరువు పోతుందేమోనని ఆయన మీద జాలిపడ్డాను. ఎవరి పరువో నాకు తెలియక కాదు. ఇప్పటికీ ఆయన ఏటా తొలకరికి ఈమెయిలు పంపుతాడు, మన మొక్క ఈసారైనా కనిపించిందా అని. ఈ ఏడు లేదండీ అని రాస్తాను. మా ఉత్తర ప్రత్యుత్తరాలలో నిజం అదొక్కటే.

మావ ముందటేడు వానల్లో జ్వరంతో పోయాడు. పోయేదాకా దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు, మొక్క దాన్ని ఆపుతూనే ఉంది. ఇప్పుడు వాలు ఆయన భార్య, నాకు వరసకు అత్త, దున్నుతోంది. వచ్చే నెల ఆఖరి సర్వే అట. ఈసారీ అదే కారణం పడితే కాఫీ మొక్కలతో సహా ఖాళీ చేసి దిగాలి.

నిచ్చెన దిగి మూడు రోజులు ఆలోచించాను. మొన్న సంతరోజు ఆకును అట్టల మధ్య పెట్టుకుని వెళ్ళాను. అత్త పసుపు కొమ్ములు కుప్ప పోసుకుని, పక్కన అడ్డాకుల కట్టలతో కూర్చుని ఉంది. ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"ఏటల్లుడా, పసుపు కావాలా? బేగి సెప్పు, ఎండెక్కిపోతంది."

అట్టలు విప్పాను. ఆవిడ చెయ్యి కోకకు తుడుచుకుని, ఆకును అంచు పట్టుకుని ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసింది. "మా వాలు మీదదే. ఆయన తెచ్చిచ్చిందే కదా. ఆ పొద్దు జలగలు పీకలేక సచ్చినాను." మళ్ళీ అట్ట మీద పెట్టేసింది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మూడు రోజులుగా కట్టుకున్న వాక్యాలు. పొరపాటు అన్నాను, వయసు అన్నాను, అప్పట్లో ఇంత దూరం వస్తుందనుకోలేదన్నాను. మావకే ముందు చెప్పుకుని ఉండాల్సిందన్నాను. అత్త వింటూనే ఒకావిడకు పసుపు అమ్మింది. నా వాక్యాలు అయిపోయాయి. ఇరవై ఏళ్ళు అటకమీద ఉంటే ఆకు రంగు పోతుంది గాని మడత పోదు. కాలం అన్నీ చక్కదిద్దుతుందంటారు, ఆకు విషయంలో అది ఆరబెట్టడం తప్ప ఏమీ చెయ్యలేదు. అత్త అట్టలు మూసి, నా మోకాలి మీద పెట్టింది.

"మాకెందుకు సూపుతన్నావు? మాకు ఎప్పుడో తెల్సు. తెలీనోలికి సూపించు."