వేడి చేసిందన్న వేసవి

మనవడి నాలుక మీద పొక్కు లేచిందని నిన్న సగ్గుబియ్యం జావ కాచాను. బెల్లం కరిగి ఆ వాసన ఇల్లంతా పరుచుకోగానే యానాంలో మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, గుర్తొచ్చింది. ఆ వాసనంటే నాకు ఎంత ఇష్టమో అంత సిగ్గు.

ఎనభైల్లో మేము యానాం శివారు దరియాలతిప్పలో ఉండేవాళ్లం. మామ్మ పొద్దున్నే రేవులో చేపలు గంపకెత్తుకుని మెట్టకూరు, కనకాలపేట వీధులన్నీ తిరిగి అమ్మేది. గోదావరి గాలికి చుట్ట ఆరిపోతుందనీ, గంప పట్టుకున్న చేతులకు తీరిక ఉండదనీ రేవులో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. మామ్మయితే చుట్ట నోట్లో ఉండగానే బేరమాడేది, నన్ను తిట్టేది, మధ్యలో నవ్వేది కూడా. నాకదొక గొప్ప విద్యలా కనిపించేది.

నాకు పదేళ్లున్న వేసవిలో ఆమె అంగిలి మీద పుండు లేచింది. “ఏడి సేసిందే,” అని తేల్చేసింది. ఇంకేముంది, ఇంట్లో చలవ పండగ మొదలైంది. పొద్దున సబ్జా గింజలు నానిన పంచదార నీళ్లు, మధ్యాహ్నం నిమ్మాకు వేసిన కుండ మజ్జిగ, సాయంత్రం తాటిముంజలు, ఆపైన సగ్గుబియ్యం జావ, అన్నిట్లోనూ మామ్మకు సగం, నాకు సగం. తొక్కుడుబిళ్ల మధ్యలో వదిలేసి జావగిన్నె దగ్గరికి పరుగెత్తుకొచ్చేదాన్ని. పుండు మానితే ఇవన్నీ ఆగిపోతాయని నాకు బెంగ. చెప్పుకోవడానికి తల కొట్టేసినట్టుంటుంది గానీ, అది నిజం.

పుండుకు తేనె రాయడం నా పని. మామ్మ అరుగు మీద వెల్లకిలా పడుకుని నోరు తెరిచేది. పొగకు తెల్లబారిన అంగిలి, మధ్యలో ఎర్రటి పుండు. రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం దాని అంచు నా వేలికి చింతగింజలా గట్టిగా తగిలింది. వేలు తీస్తే రక్తం.

“నొప్పెట్టిందా మామ్మా?”

“నేదే. నొప్పే నేపోతే జబ్బేటి? మీ అయ్యకి సెప్పకు, ఆసుపత్రంటాడు. జావలో ఇంకో బెల్లమ్ముక్కేత్తాలే.”

ఆ రోజు నా వాటా జావ గిన్నెలోనే వదిలేశాను. మామ్మ చచ్చిపోతుందేమోనని భయమేసి నాన్నకు చెప్పేశాను. మామ్మ నాతో మాట్లాడడం మానేసింది.

యానాంలో డాక్టరుగారు టార్చి వేసి చూసి, మెడ తడిమి, “ఎన్నాళ్లయిందమ్మా?” అన్నారు.

“రెండు నెల్లు దాటిందండి. ఏడి బాబూ.”

“వేడి పుండయితే రెండు వారాల్లో మానాలి. ఇలాంటిది మొదట్లో నొప్పి కూడా పెట్టదు. చుట్ట ఆపి, రేపే కాకినాడ వెళ్లండి.”

కాకినాడలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరేనన్నారు, కానీ మెడలోకి పాకకముందే వచ్చారన్నారు. జబ్బున్న మేర అంగిలి కోసేసి, ఆ ఖాళీకి పళ్లసెట్టులాంటి బిళ్ల అమర్చి, తర్వాత కొన్ని వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. బిళ్ల తీస్తే ఆమె మాట ముక్కులోంచి వచ్చేది. ఆ గొంతుతోనే మంచం మీంచి నన్ను పిలిచి, “దొంగపిల్లా, సెప్పేసేవు కదే,” అని నా వేలు ముద్దు పెట్టుకుంది. నేను బావురుమన్నాను.

తిరిగొచ్చాక మామ్మ చుట్ట ముట్టలేదు, టార్చి కొంది. రేవులో ఎవరి నోట్లో చుట్ట కనబడినా, “ముందు నోరు తెరవ్వే, బేరం తర్వాత,” అనేది. విసుక్కుంటూనే తెరిచేవారు. అలా నా పెళ్లి దాకా, ఆ తర్వాత నా కూతురికి ఉగ్గు పెట్టే దాకా ఉంది.

ఇప్పుడా రేవులో అడ్డపొగ తాగేవాళ్లు కనబడరు, ఆ గంపలూ లేవు. కిళ్లీకొట్ల ముందు గుట్కా పొట్లాల దండలు మాత్రం కనిపిస్తున్నాయి. నేను గోడ మీది క్యాలెండరులో రెండు వారాల తర్వాతి తేదీకి సున్నా చుట్టి, జావగిన్నె మనవడి ముందు పెట్టాను. వాడు రెండు చెంచాలు తాగి నా వంక అనుమానంగా చూశాడు.

“అమ్మమ్మా, పొక్కు తగ్గిపోతే జావ కాయవా?”

“తగ్గినా కాస్తాను,” అని టార్చి వెలిగించాను. “ఏదీ, నోరు తెరువు.”