అమ్మా నాన్నల వాల్ట్జ్

మొన్న శనివారం సాయంత్రం మా మనవరాలు టీవీలో డాన్సుల పోటీ పెట్టుకుని కూర్చుంది. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ నేనూ పక్కన చేరాను. చూడకూడదనే అనుకుంటాను గానీ కళ్ళు అటే పోతాయి. ఓ కుర్రాడూ ఓ అమ్మాయీ వచ్చారు. కుర్రాడి కళ్ళకు నల్ల గుడ్డ కట్టారు. ఆ గంతలతోనే అతను ఆ అమ్మాయిని గాల్లోకి ఎగరేశాడు, పట్టుకున్నాడు, భుజం మీద గిరగిరా తిప్పాడు. అయిపోగానే జడ్జీల్లో ఒకాయన కుర్చీ ఎక్కి ఈల వేశాడు. ఇంకొకావిడ కళ్ళు ఒత్తుకుంటూ "నమ్మకం అంటే ఇదీ! మీ కెమిస్ట్రీకి పదికి పది" అంది. యాంకర్ పిల్ల ఊరుకుంటుందా, కుర్రాడి తల్లిని స్టేజీ మీదికి లాక్కొచ్చి, ఆమె ఏడ్చేదాకా వదల్లేదు. నాకు ఒళ్ళు మండి రిమోట్ గుంజుకుని టీవీ కట్టేశాను. "ఏంది నానమ్మా, గంత మంచిగ చేసిండ్రు గదా!" అని మనవరాలు నెత్తి కొట్టుకుంది. "కండ్లు కనవడకపోవుడు సుత ఆటనేనా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అది బిత్తరపోయి నా వంక చూసింది.

ఈ పోటీలంటే నాకు మొదటినుంచీ పడదు. ముసలిదానికి చాదస్తం అంటారు మా ఇంట్లో, అనుకోనీ. జంటగా డాన్సు చేసేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలా వద్దా? వీళ్ళు జడ్జీల ముఖాలు చూస్తారు. పడిపోతామన్న భయాన్ని కూడా వారం రోజులు రిహార్సల్ చేసుకొస్తారు. నేను చూసిన జంట డాన్సులో మార్కులు లేవు. అందులో గొప్ప డాన్సరంటే ఎగిరేవాడు కాదు, పాదం నేల మీంచి లేవకుండా, పక్క జంటకు మోచెయ్యి తగలకుండా, హాలంతా చుట్టి వచ్చేవాడు. ఆ లెక్కన కాజీపేటలో మా నాన్నను మించినవాడు లేడు. డెబ్బైలలో మాట ఇది. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. రైల్వే వాళ్ళ క్లబ్బు, ఇన్‌స్టిట్యూట్ అనేవాళ్ళు, దాని హాల్లో పండగలకూ పబ్బాలకూ డాన్సు ఉండేది. ఆ హాలు నేల చెక్కది. డాన్సు రోజు మధ్యాహ్నం దాని మీద బోరిక్ పౌడర్ చల్లి, గోనెసంచి మీద కాలనీ పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చేవాళ్ళు. అలా ఈడ్చగా ఈడ్చగా నేల నున్నగా తేలేది. ఆ సంచి మీద నా లంగాలు ఎన్ని చిరిగాయో, అమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నానో చెప్పలేను.

నాన్న ఫైర్‌మన్‌గా చేరినప్పుడు ఆయన మీది డ్రైవరు ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. ఇంజన్లో బొగ్గు వేయడమూ, జంటగా గుండ్రంగా తిరిగే వాల్ట్జ్ డాన్సు వేయడమూ రెండూ ఆయన దగ్గరే నేర్చుకున్నానని నాన్న గొప్పగా చెప్పుకునేవాడు. అమ్మది కేసముద్రం పక్క పల్లె. పత్తి ఏరిన చేతులు, చర్చిలో కీర్తన తప్ప ఇంకో పాట ఎరగని నోరు. పెళ్ళయిన కొత్తలో ఆ హాలు గుమ్మం దాకా వచ్చి, లోపల చూసి, గిర్రున వెనక్కి తిరిగిందట. "నలుగుట్ల మొగన్ని పట్టుకోని తిరుగుడేందయ్యా? మా అమ్మకు తెలిస్తే బాయిల దుంకుతది!" నాన్న బతిమాలీ, అలిగీ, చివరికి వంటింట్లో పీటలు పక్కకు జరిపి నేర్పించాడు. నాకు జ్ఞానం వచ్చేసరికి, నేత చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, గౌన్లు వేసుకున్నవాళ్ళ మధ్య అమ్మ బెరుకు లేకుండా తిరిగేది. వంటింటి గచ్చు మీద నేర్చుకున్న మనిషి అని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

నేను డిగ్రీలో చేరిన ఏడు ఒక సంగతి గమనించాను. డాన్సు చేస్తున్నంతసేపూ అమ్మ మెడ తిప్పి తన భుజం మీదుగా వెనక్కి చూసేది. పెదవులు నాన్న చెవి దగ్గర కదులుతూనే ఉండేవి. ఆడవాళ్ళు మూతులు దాచుకుని నవ్వుకునేవాళ్ళు. ఇన్నేళ్ళయినా మీ అమ్మకు సిగ్గు పోలేదు, ఆ ముచ్చట్లు చూడు ఎంత ముద్దుగా ఉన్నాయో అని నాతోనే అనేవాళ్ళు. అవి ముచ్చట్లు కావు. "ఆగు... లోపటికి... ఇగ తిప్పు... కుడిపక్క గోడ ఉన్నది" అని దారి చెప్పేది అమ్మ. అప్పటికి గూడ్సు బండి డ్రైవరైన నాన్నకు రేచీకటి వచ్చింది. పొద్దుగూకితే చాలు, పక్కనున్న చెంబు కనిపించేది కాదు. చూపు ఇరువైపులనుంచీ మూసుకుపోతోంది. ఎదురుగా పెట్టిన అట్ట మీద అక్షరాలు మాత్రం చివరి వరస దాకా గడగడా చదివేసేవాడు, అందుకే కళ్ళ పరీక్షలో ప్రతిసారీ పాసయ్యేవాడు. ఇంట్లో స్టూలు తగిలి పడబోతే "ఈడ ఎవరు వెట్టిండ్రే దీన్ని?" అని మా మీద విరుచుకుపడేవాడు. ఆ స్టూలు ఏళ్ళనుంచీ అక్కడే ఉంది. ముగ్గురికీ తెలుసు, ముగ్గురమూ మాట్లాడేవాళ్ళం కాదు.

ఈస్టర్ ముందు తపస్సు కాలంలో డాన్సులు ఉండవు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, నాన్న డ్యూటీ దిగి నిద్రపోతుంటే, ఆయన ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నాన్నను సొంత అన్నలా చూసుకునే మనిషి. అమ్మ మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. "వదినా, అన్న నాకు పని నేర్పినోడు. ఆఫీసుల చెప్పుడు నాతోని కాదు. మొన్న రాత్రి కేసముద్రం అవుతల రెడ్ సిగ్నల్ అన్నకు కనవడలే. నేను ఒర్రి బ్రేకు గుంజిన. ఎదురుంగ ప్యాసింజర్ నిలవడి ఉండె వదినా. నాకు చిన్న పిల్లలున్నరు." అంతే అన్నాడు. అన్నాక గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, లోపల గుర్రుపెట్టి నిద్రపోతున్న నాన్న వైపు చాలాసేపు చూసింది.

గూడ్సు నడుపుతున్న నాన్నకు ప్యాసింజర్ బండి ఇచ్చే మాట అప్పుడే నడుస్తోంది. మా అమ్మమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చేది ఆ బండిలోనే. అమ్మ ఆ సాయంత్రం నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని అడిగింది. "చెప్పెయ్యయ్యా. కూసుండే పని ఏదో ఇస్తరు. జీతం తక్కువైతే గంజి తాగుదాం. ఆ బండ్లె మా అమ్మ అస్తది, ఎవలెవలి అమ్మలు అస్తరో." నాన్న తల ఎత్తలేదు. "ఇంజన్ దిగి స్టోర్ల నట్లు లెక్కవెట్టుకుంట కూసోవాల్నా? గంతకంటె గా పట్టాల మీదనే పండుకుంట, పీడ వోతది" అన్నాడు. ఆ మాట తర్వాత అమ్మ ఇంక అడగలేకపోయింది. చెప్తే మొగుడు పోతాడు, చెప్పకపోతే బండి నిండా జనం పోతారు. తిండి మానేసింది. జపమాల పట్టుకుని కూర్చునేది, పెదవులు కదిలేవి కావు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉండేది, నాకు ఏడుపొచ్చేది.

ఈలోగా ఇంజన్ల షెడ్డులో నాన్న పైఅధికారి ఫోర్మన్‌కు ఎక్కడో అనుమానం వచ్చి, ఓసారి డాక్టర్ని కలవమని నాన్నతో అన్నాడు. నాన్న ఆ మాట దాటేసి, తనకు తోచిన ఉపాయం పన్నాడు. ఈస్టర్ తర్వాతి శనివారం డాన్సుకు ఫోర్మన్, రైల్వే డాక్టర్ ఇద్దరూ వస్తున్నారు. "హాలంత ఒక్కలకు తగలకుంట తిరిగితే, ఇగ నా కండ్ల గురించి ఎవడు మాట్లాడుతడే? నువ్వు జర చెవుల చెప్పుకుంట రా. ఈ ఒక్కపారి." పిచ్చి ఉపాయమే. కానీ మా కాలనీలో అది పారేదే. అమ్మ ఆయన ముఖంలోకి చూసి "సరే" అంది.

ఆ సాయంత్రం నాన్న తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేశాను. హాల్లో బల్బులకు రంగు కాగితాలు చుట్టారు, మాకే మసకగా ఉంది. అకార్డియన్, డ్రమ్ము, ఓ వయొలిన్. స్టేజీ పక్క బల్ల దగ్గర ఫోర్మన్, డాక్టర్, కట్లెట్ల పళ్ళెం. మొదటి పాటలో అమ్మా నాన్నా తిరిగిన తీరు చూడాలి. జనం కిక్కిరిసి ఉన్నారు, అయినా ఒక్క గౌను అంచు కూడా తాకలేదు. ఫోర్మన్ తల ఊపి డాక్టర్‌తో ఏదో చెప్పి నవ్వాడు. గండం గడిచిందని నేను కుర్చీలో వెనక్కి వాలాను. రెండోది నెమ్మది వాల్ట్జ్. సగం హాలు చుట్టి ఆ బల్ల ముందుకొచ్చారు. అప్పుడు చూశాను, అమ్మ పెదవులు కదలడం లేదు. ఆమె ఆగింది. నాన్న భుజం మీంచి ఒక చెయ్యి తీసింది. ఆయన చేతిలోంచి రెండో చెయ్యి తీసుకుంది. చప్పుడు చేయకుండా రెండడుగులు పక్కకు జరిగి నిలబడింది.

నాన్న నవ్వుతూనే ఉన్నాడు ముందు. చేతులు అలాగే చాచి ఉన్నాయి. "ఏమే?" అన్నాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. చుట్టూ జంటలు తప్పుకుంటున్నాయి. ఆయన చెయ్యి ఎవరో ఆడమనిషి భుజాన పడింది, "సారీ, సారీ మేడమ్" అన్నాడు. "ఏడున్నవే? ఏమే, ఏడున్నవ్?" గొంతు పగిలింది. అమ్మ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. నేను లేచి పరుగెత్తబోయాను. అమ్మ నా వంక చూసి వద్దని తల ఊపింది. వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. డాక్టర్ లేచి వచ్చి నాన్న ఎదురుగా నిలబడి, చాలా మెల్లగా అడిగాడు. "డ్రైవర్ సాబ్, మీ భార్య ఎక్కడున్నారో చూపించండి." నాన్న చప్పుడు కోసం చెవి ఒగ్గాడు. తర్వాత చెయ్యెత్తి గోడను చూపించాడు.

"ఇగో, ఈడున్న" అని అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. నాన్న విదిలించుకున్నాడు. ఆ తర్వాత పరీక్షలన్నీ అయ్యాయి, ఇంజన్ పోయింది, స్టోర్స్‌లో కూర్చునే పని ఇచ్చారు. పట్టాల మీద పడుకోలేదు. దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నామో! కానీ అమ్మతో మాట మానేశాడు. "మీ అమ్మకు చెప్పు, పప్పుల ఉప్పు తక్కువైంది" అని నాతో అనేవాడు, అమ్మ నాలుగడుగుల దూరంలో ఉండి వినేది. నాకు పెళ్ళయి హన్మకొండ వచ్చేశాక ఆ కబురు మోయడానికి కూడా ఎవరూ లేకపోయారు, ఇంట్లో రేడియో ఒక్కటే మాట్లాడేది. చూపు పూర్తిగా పోయాక కూడా గోడ తడుముకుంటూ పెరట్లోకి పోయేవాడు గానీ అమ్మ చెయ్యి ముట్టేవాడు కాదు. నేను వెళ్ళినప్పుడల్లా పొయ్యి దగ్గర కూర్చుని అమ్మ అదే మాట. "ఒక్కపారి ఇడిసిన బిడ్డా. ఇగ పట్టుకోనిస్తలేడు." ఒకసారి నేను కోపం పట్టలేక నాన్నను నిలదీస్తానంటే ఆపింది. "వద్దు. బతికున్నడు గదా. బండ్లెక్కినోళ్ళు సుత బతికిండ్రు. కోపం వోతది, నేను ఉంట గదా" అంది.

ఎనభైల చివర్లో అమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. దవాఖానలో చేర్చిన మూడోనాడే పోయింది. శవపెట్టెను ముందుగదిలో ఉంచారు. నాన్న నన్ను పిలిచి "ఆమె చెయ్యి ఏడున్నది, చూపెట్టు" అన్నాడు. తీసుకెళ్ళి చేతిలో చెయ్యి పెట్టాను. రెండు చేతులతో పట్టుకున్నాడు. పాదిరిగారు వచ్చినా వదల్లేదు, మోసేవాళ్ళు వచ్చినా వదల్లేదు. "మంచి పని చేసినవే" అన్నాడు ఆమెతో. "నాకు దమ్ము లేకపాయె. నీకుండె." "ఇప్పుడా నాయినా చెప్పేది? గీ ఒక్క మాట కోసం పొయ్యికాడ కూసోని కూసోని పాయె గదా!" అని అరిచాను. చావు ఇంట్లో అందరూ చూస్తున్నారన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు.

నాన్న అటే ముఖం పెట్టి అన్నాడు. "గా శనివారం ఇంటికి రాంగనే తెలిసింది బిడ్డా, మంచే చేసిందని. మొదాల కోపం. తర్వాత సిగ్గు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్న. ఆమె యాడికి పోతది అనుకున్న."

ఆ తర్వాత నాన్న చాలా ఏళ్ళు బతికాడు, ఎవరు చెయ్యి అందించినా పట్టుకున్నాడు. మనకు ఎంత కాలం ఉందో ఎదుటి మనిషికీ అంతే ఉందనుకుంటాం. అమ్మకు అంత లేదు.