ఇరవై ఏడో నంబరు

డిగ్రీ రెండో ఏడు తలుచుకుంటే నాకు చదువు గుర్తురాదు, అలసటే గుర్తొస్తుంది. సుబేదారిలో ఆఫీసుల వెనక సందులో, మేడ మీద ఒక్క గది. ఇద్దరం అమ్మాయిలం. నాది కేసముద్రం పక్క ఊరు, ఆమెది ములుగు దాటి అడవిలోకి పోయే దారిలో ఊరు. క్లాసులోనూ పక్కపక్కనే. ఆమెది ఇరవై ఏడో నంబరు, నాది ఇరవై ఎనిమిది.

వాళ్లమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు పెద్ద దవాఖానలో డయాలసిస్. తండ్రి లేడు. తొలి బస్సు దిగిన తల్లిని దవాఖానకు తీసుకుపోవడం, నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చోవడం, తర్వాత మా గదికి తెచ్చి పడుకోబెట్టడం ఆమె పని. వంట చేయడం, కింది నల్లా నుంచి బిందెలు మోయడం నా పని. ఇద్దరిలో ఎవరు పుస్తకం తెరిచినా మూడో పేజీకి నిద్రే.

ఆ మూడు రోజులూ మొదటి గంట ఒకే సారుది. మిగతా వాళ్లు అటెండెన్స్ కాగితం బెంచీల మీద తిప్పేవాళ్లు, ఎవరి సంతకం ఎవరైనా గీకొచ్చు. ఈయన మాత్రం రిజిస్టర్‌లో తల పెట్టి నంబర్లు పిలిచేవాడు. డెబ్బై మందిలో ఏ మొహం ఎవరిదో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆమె మొదట్లోనే వెళ్లి సంగతి చెప్పింది. దవాఖాన కాగితం తెమ్మన్నాడు. కాగితం పేషెంటు పేరు మీద ఇస్తారు గాని, పేషెంటు కోసం బెంచీ మీద కూర్చున్న మనిషి పేరు మీద ఇవ్వరు కదా. తల్లి కాగితం చూపిస్తే, "ఇది నీది కాదు కదమ్మా" అని వెనక్కిచ్చాడు.

అటెండెన్స్ తగ్గితే హాల్ టికెట్ రాదు. అంతవరకే అయితే ఎవరి కాళ్లావేళ్లా పడైనా తెచ్చుకునేవాళ్లం. కానీ ఒకరోజు నేను అన్నం పెడుతుంటే, చాప మీద పడుకున్న వాళ్లమ్మ అడిగింది.

"దీని సదువు కరాబైతాందా బిడ్డా? నా కోసం పరీక్ష పోయేటట్టుంటే జర చెప్పు. నేనింక రాను. ఉన్నన్ని దినాలు ఇంటికాడనే ఉంట."

అన్నంత పనీ చేసే మనిషి. "ఏం ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, దాని హాజరు రోజు పడుతాంది" అన్నాను. అనేశాక, ఆ మాట నిలబెట్టే పని నా మెడకే చుట్టుకుంది.

"ట్వంటీ సెవెన్" అనగానే గొంతు సన్నగా చేసి "ఎస్ సార్" అనేదాన్ని. ఊపిరి తీసుకునేలోపే "ట్వంటీ ఎయిట్". ఒకే నోట్లోంచి వెంటవెంటనే రెండు గొంతులు రావాలంటే నా వల్ల అయ్యే పని కాదు. దొరికిపోతానని భయపడి నా నంబరుకు నోరు మూసుకునేదాన్ని. క్లాసయ్యాక "లేటుగా వచ్చాను సార్" అని వేయించుకోవచ్చులే అనుకున్నాను. మొదటి వారం వేయించుకున్నాను కూడా. తర్వాత ఓపిక చచ్చింది. గంట కొట్టాక నేను బెంచీ మీద వాల్చిన తల ఎత్తేసరికి ఆయన స్కూటర్ గేటు దాటేది. నా నంబరు పోతున్న సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే వద్దంటుంది.

సెమిస్టర్ చివర నోటీసు బోర్డు మీద షార్టేజీ లిస్టు పెట్టారు. ఇరవై ఏడు లేదు, ఇరవై ఎనిమిది ఉంది. ఒక్క గంటైనా ఎగ్గొట్టినదాన్ని కాదు నేను! ఒళ్లు మండిపోయింది. నా తెలివికి నన్ను నేనే కొట్టుకోవాలి.

"ఏందే ఇది? నీదెట్ల పోయింది?" అంది ఆమె. రెండు గొంతుల సంగతి అప్పుడు చెప్పాల్సొచ్చింది.

ఇద్దరం సారు దగ్గరకు పోయాం. ఆయన నన్ను చెడామడా తిట్టాడు. "ఆ ఇరవై ఏడో నంబరు అమ్మాయిని చూసి నేర్చుకో. ఒక్క రోజు తప్పిందా?"

ఆ అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఏదో చెప్పబోతే నేను కళ్లతోనే ఆపాను. ఒంట్లో బాగాలేక రాలేదని కాగితం రాసిస్తే, ఇదే ఆఖరుసారి అని సంతకం పెట్టాడు. మెట్లు దిగుతుంటే ఆమె ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. ఆ రోజు ఆమె మీద, వాళ్లమ్మ మీద, ఆ డయాలసిస్ మిషన్ మీద, అన్నిటి మీదా విసుగు పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నిజం అదే.

పరీక్షలు ఇంకా మూడు వారాలున్నాయనగా, ఒక ఆదివారం వాళ్లమ్మ ఊళ్లోనే చనిపోయింది. నేను పోయి, దహనం చూసి తిరిగొచ్చాను. ఆమె పెద్దకర్మ దాకా అక్కడే ఉంది. ఆ రోజుల్లో కూడా ఇరవై ఏడుకు నేనే పలికాను. ఇంక ఎవరి కోసం పలుకుతున్నానో నాకే తెలియలేదు.

తర్వాతి శుక్రవారం పొద్దున ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"ట్వంటీ సెవెన్."

"ఎస్ సార్" అంది. ఆమె గొంతు కొంచెం బొంగురు. ఆ ఏడాదిలో మొదటిసారి సారు తల ఎత్తాడు.

"ఎవరది ప్రాక్సీ చెప్పేది? లేచి నిలబడు."

నేను లేవబోయాను. అప్పటికే ఆమె లేచి నిలబడింది.

"నేనే సార్ ఇరవై ఏడు. మా అమ్మ చచ్చిపోయింది. ఇగ రోజు నేనే వస్త."